బెంగళూరు ఫ్లాట్‌లో చంటిపిల్లలతో సంక్రాంతి: అరిసెల పాకం నుంచి భోగిపళ్ల దాకా పని వరుస

డిసెంబర్ సగానికి వచ్చేసరికి ఒకటే ప్రశ్న తిరిగి తిరిగి వస్తుంది. ఈసారి ఊరికి వెళ్లట్లేదు, పాపకి ఏడాదిన్నర, భోగిపళ్లు ఇక్కడే పోయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? ఇద్దరూ ఉద్యోగస్తులు. పెద్దవాళ్లు ఫోన్‌లో తప్ప పక్కన లేరు. పైగా కర్ణాటకలో సెలవు సంక్రాంతి ఒక్కరోజుకే, భోగికీ కనుమకీ మామూలుగా ఆఫీసే.

ఆ పరిస్థితికి సరిపడేలా రాసింది ఇది. కొన్ని పద్ధతులు ఇంటిని బట్టి మారతాయి. మీ అమ్మగారో అత్తగారో వేరేలా చెబితే వాళ్ల మాటే వినండి. పని వరుస మాత్రం ఏ ఇంట్లోనైనా దాదాపు ఇదే.

## 1. ముందు పిల్ల నిద్ర టైమ్, తర్వాతే ముహూర్తం

భోగి జనవరి 13న గానీ 14న గానీ వస్తుంది. మీ క్యాలెండర్‌లో చూసి తేదీ ఖాయం చేసుకోండి. ఆ పక్కనే ఇంకో మాట రాయండి: మీ పిల్ల మధ్యాహ్నం ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేస్తుంది, సాయంత్రం ఎన్నింటికి ఆకలి వేస్తుంది.

భోగిపళ్లు సాయంత్రం పోస్తారు. జనవరి మధ్యలో బెంగళూరులో సూర్యాస్తమయం 6 గంటల 10 నిమిషాల ప్రాంతంలో. పిల్ల 5 గంటలకి లేచి, ఏదైనా తిని, కాస్త ఆడుకుంటే 6 నుంచి 6:45 దాకా హుషారుగా ఉంటుంది. ఆ ముప్పావు గంటే మీ చేతిలో ఉన్నది. మిగతా పనులన్నీ దాని చుట్టూ సర్దుకోవాలి.

భోగిపళ్ల ఫొటోల్లో సగం పిల్లలు ఏడుస్తూ కనిపిస్తారు. దిష్టి అంటారు గానీ, చాలావరకు అది ఆకలి, నిద్ర, పట్టుబట్టల దురద. మూడింటికీ ముందే ఏర్పాటు చేసుకోవచ్చు.

## 2. ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి

ఊళ్లో పదిమంది చేతుల మీద జరిగే పండగని ఇద్దరు చేయాలంటే కొన్ని వదలాలి. నా లెక్క ఇది.

తప్పనిసరి:
☐ భోగి పొద్దున తలంటు
☐ భోగి సాయంత్రం పళ్లు
☐ సంక్రాంతి పొద్దున గుమ్మంలో ముగ్గు, పొంగలి

ఓపిక ఉంటే:
☐ బొమ్మల కొలువు
☐ ఒక పిండివంట (రెండు వద్దు)
☐ పక్కింటి కన్నడవాళ్లకి ఎళ్లు-బెల్ల (వాళ్లు సంక్రాంతికి పంచుకునే నువ్వులు, బెల్లం మిశ్రమం)

కొనేసుకుంటే తప్పులేనివి: జంతికలు, సున్నుండలు, కాజాలు. మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు మిఠాయి దుకాణాలకి లోటు లేదు. ఎవరైనా ముక్కు విరిస్తే విరవనివ్వండి.

## 3. సామాన్లు: ఎప్పుడు, ఎక్కడ, ఏమని అడగాలి

పండగ ముందురోజు గాంధీబజార్‌లోనూ మల్లేశ్వరం 8వ క్రాస్‌లోనూ కాలు పెట్టే చోటు ఉండదు. బంతిపూల ధర రెట్టింపు చెబుతారు. స్ట్రోలర్‌తో అటు వెళ్లే ఆలోచన మానుకోండి. ఒకరు పిల్లని చూసుకుంటే ఒకరు పొద్దున్నే వెళ్లి రావడం మేలు.

తెలుగు పేరు చెబితే బండివాళ్లు తెల్లముఖం వేస్తారు కాబట్టి కన్నడ పేర్లు గుర్తుపెట్టుకోండి:

☐ రేగుపళ్లు: ఎలచి హణ్ణు (ఉత్తర కర్ణాటక వాళ్లయితే బోరె హణ్ణు)
☐ చెరకు: కబ్బు
☐ బంతిపూలు: చెండు హూవు
☐ చామంతులు: సేవంతిగె
☐ ముగ్గుపిండి: రంగోలి పుడి
☐ నువ్వులు: ఎళ్లు
☐ పుట్నాలు: హురిగడలె
☐ అనపగింజలు: అవరెకాళు. చిత్తూరు వైపు వాళ్లు పితికిన పప్పు కోసం వెతుకుతుంటే హితికిద బేళె అని అడగండి. జనవరి దీనికి మంచి సీజన్.

రేగుపళ్లలో ఒక జాగ్రత్త. సూపర్‌మార్కెట్లలో పచ్చగా, జామకాయంత కనిపించే ఆపిల్ బేర్ వద్దు. అది తలమీద పడితే దెబ్బే. ఎరుపు, పసుపు కలిసిన చిన్న పళ్లు తీసుకోండి. ఒక పిల్లకి అర కిలో సరిపోతుంది, ఇద్దరుంటే కిలో. రెండు మూడు రోజుల ముందు కొంటే కడగకుండా గుడ్డసంచిలో వేసి ఫ్రిజ్ అడుగు అరలో పెట్టండి. కడిగి పెడితే మెత్తబడి మరకలు చేస్తాయి.

చెరకు గడ మొత్తంగా కొన్నా, అమ్మేవాడి చేతే జానెడు ముక్కలు కొట్టించుకోండి. ఇంట్లో కూరగాయల కత్తితో కుస్తీ పడొద్దు. వీధి చివర చెరకురసం బండి ఉంటే పని ఇంకా తేలిక, అతను తొక్క కూడా తీసిస్తాడు.

చిల్లర ఇప్పుడు అన్నిటికన్నా కష్టం. అందరూ ఫోన్‌తోనే కడుతున్నారు కాబట్టి ఇంట్లో రూపాయి బిళ్ల కనిపించడం లేదు. డిసెంబర్ నుంచే ఒక డబ్బాలో వేస్తూ రండి, లేదా బ్యాంకుకి వెళ్లినప్పుడు అడగండి. భోగి ముందురోజు ఆ బిళ్లలని సబ్బునీళ్లలో కడిగి, వేడినీళ్లలో ముంచి, గుడ్డమీద ఆరబెట్టాలి. పిల్లలు మొదట నోట్లో పెట్టుకునేది వాటినే.

## 4. ఒక్క పిండివంట చేయాలంటే: అరిసెలు, అర కిలో

అరిసెలు రెండు వారాలు నిల్వ ఉంటాయి. అందుకే జనవరి మొదటి శనివారం చేసేస్తే పండగ వారం వంటగది మీద భారం తగ్గుతుంది. వేడి పాకం, మరిగే నూనె ఉన్న పని కాబట్టి ఆ రెండు గంటలూ పిల్ల ఇంట్లో ఉండకూడదు. ఒకరు పార్క్‌కి తీసుకెళ్లండి. పిండి కలిపే ఐదు నిమిషాలకి మాత్రం రెండో చెయ్యి కావాలి. పక్కింటి ఆంటీని అడగండి, మొహమాటపడొద్దు.

పిండి:
☐ అర కిలో లావు బియ్యం శుక్రవారం పొద్దున నానబెట్టండి. రాత్రి ఒకసారి నీళ్లు మార్చండి.
☐ శనివారం వడకట్టి, పొడిగుడ్డ మీద పావుగంట పరచండి. చేత్తో పిడికిలి పడితే తడి తగలాలి, నీళ్లు కారకూడదు.
☐ ఇక్కడి పిండిమరల్లో చాలామంది తడి బియ్యం వేయరు. మిక్సీలో కొంచెం కొంచెంగా వేసి, సన్న జల్లెడ పట్టండి.
☐ జల్లించిన పిండిని గిన్నెలో అదిమి, మూత పెట్టండి. పిండి ఆరిపోతే అరిసె పగులుతుంది.

పాకం: 350 గ్రాముల బెల్లం, అర కప్పు నీళ్లు. కరిగాక వడకట్టి మళ్లీ పొయ్యి మీద పెట్టండి. పక్కనే పళ్లెంలో చన్నీళ్లు ఉంచుకోండి. నురగ పైకి లేచి బుడగలు చిక్కబడుతుండగా ఒక చుక్క నీళ్లలో వేసి వేళ్లతో దగ్గరకి తీయండి. కరిగిపోతే ఇంకా కాలేదు. వేళ్ల మధ్య మెత్తటి ఉండ అయి, నొక్కితే అణగాలి. అప్పుడే ఆపేయాలి. ఉండ పళ్లేనికేసి కొడితే టక్కుమందంటే దాటిపోయినట్టే.

పొయ్యి ఆపి, రెండు చెంచాల నెయ్యి, గుప్పెడు నువ్వులు వేసి, ఒకరు పిండి పోస్తుంటే ఒకరు గరిటెతో తిప్పండి. చపాతీ ముద్ద కన్నా కొంచెం జారుగా ఉన్నప్పుడే పిండి పోయడం ఆపేయండి. చల్లారితే అదే గట్టిపడుతుంది. పిండి మిగిలినా పరవాలేదు, మొత్తం వేయాలని రూలేమీ లేదు.

నూనె రాసిన కవర్ మీద తట్టి, మధ్యస్థం మంట మీద వేయించి, రెండు చిల్లుల గరిటెల మధ్య నొక్కి నూనె పిండేయండి.

తేడా వస్తే:
- నూనెలో వేయగానే విడిపోతోంది: పాకం లేతగా ఉంది. ముద్దలో ఇంకాస్త పిండి కలిపి, పది నిమిషాలు ఆగి మళ్లీ వేయండి.
- తట్టేటప్పుడే అంచులు పగులుతున్నాయి: పాకం ముదిరింది. రెండు చెంచాల వేడిపాలు చిలకరించి మర్దన చేయండి.
- పైన నల్లగా, లోపల పచ్చిగా ఉంది: మంట ఎక్కువ. అంతే.

## 5. బొమ్మల కొలువు, పిల్ల చెయ్యి తగిలినా పడిపోకుండా

మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి. ఫ్లాట్‌లో మూడు చాలు. మెట్ల స్టాండ్ కొనక్కర్లేదు. అడుగున రెండు పెద్ద సూట్‌కేసులు పడుకోబెట్టి, వాటిమీద వెనక్కి జరిపి చిన్న సూట్‌కేసు, దాని వెనక గోడకి ఆనించి స్టూలు. మీద తెల్ల పంచె కప్పి, అంచులని సూట్‌కేసుల కిందకి మడవండి. వేలాడే అంచు ఉందంటే రెండేళ్ల పిల్ల దాన్ని పట్టుకుని లాగి తీరుతుంది. ఖాళీ సూట్‌కేసు కదులుతుంది కాబట్టి లోపల పాత పుస్తకాలు పెట్టండి.

పై మెట్టు మీద దేవుడి బొమ్మలు, మట్టివి, పగిలేవి. మధ్యలో కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు. బెంగళూరులో ఉండి చెన్నపట్న బొమ్మలు లేకపోతే ఎలా? మైసూరు రోడ్డులో 60 కిలోమీటర్లు వెళ్తే ఊరే వస్తుంది, నగరంలోనూ దొరుకుతాయి. లక్క పూసిన చెక్కబొమ్మలు కింద పడినా ఏమీ కావు.

కింది మెట్టు పూర్తిగా పిల్లదే. దాని బస్సు, ఏనుగు, తల ఊడిన జిరాఫీ, డిసెంబర్‌లో ప్లేస్కూల్లో అట్టతో చేసిన క్రిస్మస్ చెట్టు, ఏదైనా. అక్కడ పెట్టడం తీయడం దాని ఇష్టం. ఈ ఒక్క పని చేస్తే పై మెట్ల జోలికి వెళ్లడం సగం తగ్గుతుంది. రోజూ రాత్రి ఆ మెట్టు సర్దే డ్యూటీ కూడా దానికే అప్పగించండి, మెల్లగా అలవాటవుతుంది.

సీరియల్ బల్బుల తీగ కింది మెట్టు దాకా రానివ్వొద్దు. దీపం కొలువు ముందు కాదు, పూజగదిలో వెలిగించండి.

## 6. కారిడార్‌లో ముగ్గు

ఫ్లాట్ గుమ్మం ముందు నున్నటి టైల్స్ ఉంటాయి. పొడిపిండి వాటిమీద నిలవదు, లిఫ్ట్ తలుపు తెరుచుకున్న గాలికే చెదురుతుంది. రెండు దారులున్నాయి. నేలని తడిగుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరకముందే పిండి వేయడం ఒకటి. నానబెట్టిన బియ్యం మెత్తగా రుబ్బి, పలచగా కలిపి, గుడ్డముక్క ముంచి వేలితో వేయడం రెండోది. తడిపిండి ముగ్గు ఆరాక తెల్లగా తేలి మూడు రోజులూ ఉంటుంది. నా ఓటు దానికే.

చోటు తక్కువ కాబట్టి 7 చుక్కలు, సందు చుక్కగా 4 వచ్చేవరకు సరిపోతుంది. మధ్య వరసలో 7, పైకి 6, 5, 4, కిందకి 6, 5, 4. మొత్తం 37 చుక్కలు. చేయి తిరగనివాళ్లు కూడా అరగంటలో పూర్తి చేయొచ్చు.

పిల్లకి విడిగా ఒక పలక, సుద్దముక్క ఇచ్చి పక్కన కూర్చోబెట్టండి. లేదంటే మీ ముగ్గులోనే నడుస్తుంది.

హౌస్‌కీపింగ్ వాళ్లు ఏ టైమ్‌కి తుడుస్తారో కనుక్కుని, ఈ మూడు రోజులూ మన గుమ్మం వదిలేయమని ముందే చెప్పి ఉంచండి. గొబ్బెమ్మలకి పేడ దొరక్కపోతే పుట్టమన్నుతోనో బంకమట్టితోనో చేసి, పసుపు కుంకుమ అద్ది, పైన బంతిపువ్వు గుచ్చండి. గుమ్మడిపువ్వు ఇక్కడ దొరికితే అదృష్టమే.

## 7. భోగి పొద్దున: మంట, తలంటు

బాల్కనీలో మంట వద్దు. చిన్నదైనా వద్దు, ప్రమిదలో పిడకైనా వద్దు. పై అంతస్తువాళ్ల బట్టలు, పొగ అలారం, గాలికి ఎగిరే నిప్పురవ్వ, ఇన్ని ఉన్నాయి. మంట కావాలంటే అసోసియేషన్‌తో వారం ముందే మాట్లాడి, కింద ఖాళీ స్థలంలో ఇనుప బాండీలో అందరికీ కలిపి ఒకటే వేయండి.

☐ ఎండుకట్టెలు, పిడకలు, కర్పూరం మాత్రమే
☐ ప్లైవుడ్, రంగు వేసిన చెక్క, రెగ్జిన్, ప్లాస్టిక్ అసలు వద్దు. చెత్త తగలబెట్టడం మీద నిషేధమూ ఉంది, ఆ పొగ పిల్లలకి మంచిదీ కాదు
☐ రెండు బకెట్ల నీళ్లు, ఒక బకెట్ ఇసుక పక్కనే
☐ పిల్లలు పెద్దవాళ్ల చంకలోనే, పొగ రాని వైపు
☐ నైలాన్ జర్కిన్ కాదు, నూలు బట్టలూ ఉన్ని స్వెటరూ

పిడకల దండ పిల్ల చేత్తో వేయించాలని సరదా ఉంటే, దండని పిల్ల చేతికి తాకించి మీరే వేయండి.

జనవరి తెల్లవారుజామున బెంగళూరులో 15, 16 డిగ్రీలు ఉంటుంది. అందుకే చంటిపిల్ల తలంటు తెల్లవారుజామునే కావాలని పట్టుపట్టొద్దు. ఎండ వచ్చాక 8 గంటలకి చేయించినా భోగి తలంటే. ఆఫీస్ కాల్ ఉంటే దాని ముందో తర్వాతో.

వరుస ఇది: బాత్రూమ్‌లో ముందే వేడినీళ్లు తిప్పి గది వెచ్చబరచండి. నువ్వులనూనె గోరువెచ్చగా చేసి మాడు మీద ఒత్తకుండా అద్ది, ఒళ్లంతా రాయండి. పావుగంట ఆగి, పెసరపిండి పాలతో కలిపి నలుగు పెట్టండి. మరీ చిన్నపిల్లలకి రుద్దకుండా పూతలా రాసి కడిగేస్తే చాలు. తల తుడిచాక టోపీ పెట్టేయకండి, ముందు పూర్తిగా ఆరనివ్వండి. సాంబ్రాణి పొగ అలవాటు లేని పిల్లకి ఆరోజే కొత్తగా మొదలుపెట్టొద్దు.

మధ్యాహ్నానికి పులగం, అనపగింజలు వేసిన కలగూర చేసుకుంటే భోగి భోజనం అయిపోయినట్టే. పిల్లకి అదే పులగం మెత్తగా చేసి, నెయ్యి వేసి పెట్టండి.

## 8. భోగి సాయంత్రం: పళ్లు పోయడం

అసలు పని ఇదే కాబట్టి కొంచెం వివరంగా.

ముందురోజు రాత్రి: శనగలు నానబెట్టండి. మర్నాడు మధ్యాహ్నం వడకట్టి గుడ్డమీద ఆరబెట్టాలి, తడిగా ఉంటే జుట్టుకి అంటుకుంటాయి. చెరకు ముక్కలని అరంగుళం సైజుకి సాయంత్రమే కోసి తడిగుడ్డ కప్పండి. బంతి, చామంతి రేకులు విడదీయండి. రేకులు ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది, బరువు తగ్గుతుంది, ఫొటోలూ బాగుంటాయి.

పెద్ద పళ్లెంలో పాళ్లు ఇలా: సగం పూలరేకులు, పావు వంతు రేగుపళ్లు, మిగిలిన పావులో చెరకు ముక్కలు, శనగలు, చిల్లర.

వయసుని బట్టి మార్పులు:
- ఆరు నెలల లోపు: పిల్లని ఒళ్లో పెట్టుకుని పూలరేకులు మాత్రం పోయండి. మూడు రేగుపళ్లు తల చుట్టూ తిప్పి పక్కన పెట్టేయండి. మాడు ఇంకా మెత్తగా ఉంటుంది.
- ఆరు నెలల నుంచి రెండేళ్లు: రేకులు ఎక్కువ, రేగుపళ్లు గుప్పెడు. చిల్లర, శనగలు పళ్లెంలో వద్దు, విడిగా చిన్న గిన్నెలో ఉంచి తాకించండి.
- రెండు నుంచి ఐదేళ్లు: అన్నీ కలపొచ్చు, కళ్లు మాత్రం తీయకూడదు.
- ఇద్దరు పిల్లలుంటే ఒకేసారి పక్కపక్కన కూర్చోబెట్టండి. విడివిడిగా చేస్తే రెండోవాళ్లకి కోపం వస్తుంది.

చోటు: తూర్పు ముఖంగా పీట. పీట కింద పెద్ద దుప్పటి పరిచి, నాలుగు అంచుల కింద దిళ్లు దూర్చండి, తొట్టిలా అవుతుంది. పళ్లు సోఫా కిందకి దొర్లిపోవు. అయ్యాక నాలుగు కొసలు పట్టి ఎత్తేస్తే శుభ్రం చేయడం నిమిషం పని. ఈ చిట్కా ఒక్కటి గుర్తున్నా చాలు.

బట్టలు: పట్టులంగా లోపల నూలు బనియన్ తప్పనిసరి. జరీ అంచు మెడకి, చంకలకి గీసుకుంటుంది. వడ్డాణం, జడగంటలు ఫొటో ముందు పెట్టి, ఫొటో కాగానే తీసేయండి. మగపిల్లాడైతే పంచె కట్టి పైన సేఫ్టీపిన్ కాదు, ఎలాస్టిక్ ఉన్న రెడీమేడ్ పంచె.

పేరంటాళ్లని ఎంతమందిని పిలవాలి? ఫ్లాట్ హాల్లో ఎనిమిది మంది దాటితే పిల్ల బెదిరిపోతుంది. పిలుపులో 6:15 అని రాయండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద నుంచి వచ్చేవాళ్లు ఎలాగూ ఏడింటికి వస్తారు. వాళ్ల కోసం ఆగొద్దు, గిన్నెలో కాసిని పళ్లు దాచి ఉంచి, వచ్చాక అక్షింతలతో పాటు వేయించండి.

ఊళ్లో ఉన్న అమ్మమ్మ, నానమ్మలకి వీడియో కాల్ 6:20కి కలపండి. ఫోన్ చేత్తో పట్టుకోకుండా పిల్ల ఎత్తుకి స్టాండ్ మీద పెట్టండి. ఇద్దరూ ఒకే కాల్‌లో ఉంటే సూచనలు రెండు వైపుల నుంచీ వస్తాయి, పిల్ల ఎవరివైపు చూడాలో తెలియక ఏడుస్తుంది. పోసేటప్పుడు ఒకరు, హారతికి ఒకరు అని ముందే పంచేయండి. ఈ పంపకం మీ ఆయన వాళ్లమ్మతోనూ మీరు మీ అమ్మతోనూ మాట్లాడుకుంటే గొడవ ఉండదు.

పోసే వరుస:
1. పిల్లకి బొట్టు పెట్టి, అక్షింతలు వేయండి. చేతికి ఒక అరటిపండో ఇష్టమైన బొమ్మో ఇవ్వండి.
2. మొదట తల్లి. దోసిట్లో కొంచెమే తీసుకుని, తల చుట్టూ మూడుసార్లు కుడివైపుగా తిప్పండి.
3. జానెడు ఎత్తు నుంచి, నెత్తిన కాకుండా కాస్త ముందుకి, భుజాల మీదుగా జారేలా వదలండి. పై నుంచి విసరొద్దు.
4. తర్వాత ఇంట్లో పెద్దవాళ్లు, ఆపైన పేరంటాళ్లు. ఒక్కొక్కరు ఒక్కసారి చాలు.
5. హారతి. పళ్లెం పిల్ల చెయ్యి అందని దూరంలో.
6. వెంటనే పిల్లని ఎత్తుకుని వేరే గదిలోకి తీసుకెళ్లండి. ఇక్కడ దుప్పటి మూటకట్టేయాలి.

ఆరోదే చాలామంది మరిచిపోతారు. అందరూ తాంబూలాలు, ఫొటోల హడావిడిలో ఉండగా పిల్ల నేలమీద దొరికిన శనగగింజో రూపాయి బిళ్లో నోట్లో వేసుకుంటుంది. నాలుగేళ్ల లోపు పిల్లలకి శనగలు, వేరుశనగలు, రేగుపండు గింజ, చిల్లర, అన్నీ గొంతుకి అడ్డం పడేవే. మూట కట్టాక కూడా మోకాళ్ల మీద వంగి సోఫా కింద టార్చ్ వేసి చూడండి.

ఏడుపు మొదలైతే: పోయడం ఆపండి. తల్లి పీట మీద కూర్చుని పిల్లని ఒళ్లోకి తీసుకోవాలి, మిగతావాళ్లు ఇద్దరి మీదా రేకులు మాత్రం పోయాలి. ఇంకా ఏడిస్తే హారతి ఇచ్చి ముగించేయండి. మూడు దోసిళ్లు పడ్డాయంటే భోగిపళ్లు పోసినట్టే.

పోసిన పళ్లు దిష్టి తీసినవని చాలా ఇళ్లలో తినరు. చిల్లర పనిమనిషి పిల్లలకో గుడి దగ్గరో ఇస్తారు. రేకులు, పళ్లు తడిచెత్తలో కాకుండా అపార్ట్‌మెంట్ మొక్కల పాదుల్లో వేస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

## 9. సంక్రాంతి: పొంగలి, ఎళ్లు-బెల్ల

పొంగలికి గ్లాసు కొత్తబియ్యం, పావు గ్లాసు పెసరపప్పు, రెండు గ్లాసుల పాలు, రెండు గ్లాసుల నీళ్లు, గ్లాసున్నర బెల్లం. పాలు విరిగిపోతున్నాయని చాలామంది అడుగుతారు. బెల్లం తొందరగా వేయడమే కారణం. బియ్యం, పప్పు మెత్తగా ఉడికి, పొయ్యి ఆపాక, విడిగా కరిగించి వడకట్టిన బెల్లం గోరువెచ్చగా పోసి కలపండి. నెయ్యి, జీడిపప్పు ఆ తర్వాత. పిల్ల గిన్నెలో జీడిపప్పు వద్దు.

పొంగు చూపించాలంటే చిన్న ఇత్తడి గిన్నెలో అంచుకి వేలెడు కిందవరకు పాలు పోసి కాచండి. పొంగి ఒక వైపు జారగానే మంట తగ్గించండి. పిల్లని ఎత్తుకుని దూరం నుంచి చూపించండి.

సాయంత్రం మన వంతు ఇచ్చిపుచ్చుకోవడం. కన్నడవాళ్లు ఎళ్లు-బెల్ల పంచుతూ, ఎళ్లు బెల్ల తిని మంచి మాటలాడమంటారు. మీ గుమ్మంలోకి వాళ్లు వచ్చేలోపు మీ పొట్లాలు సిద్ధంగా ఉంటే బాగుంటుంది. వేయించిన తెల్లనువ్వులు, వేయించి పొట్టు తీసిన వేరుశనగలు, పుట్నాలు, సన్నగా తరిగిన ఎండుకొబ్బరి, బెల్లం ముక్కలు, అన్నీ ఒక్కో కప్పు. కొబ్బరి, బెల్లం ముక్కలని ముందురోజు ఎండలో పెట్టకపోతే అన్నీ కలిసి ముద్దవుతాయి. సక్కరె అచ్చులు (అచ్చుల్లో పోసిన చక్కెర బొమ్మలు), చెరకు ముక్క, అరటిపండు పక్కన పెట్టి, పైన నాలుగు అరిసెలు వేయండి. గాంధీబజార్‌లో కలిపిన మిశ్రమం కిలోల లెక్కన అమ్ముతారు, అది కొన్నా తప్పులేదు.

పళ్లెం మోసే పని మూడేళ్లు దాటిన పిల్లకి ఇచ్చి చూడండి. కన్నడ పిల్లలకీ సంక్రాంతి నాడు ఎలచి హణ్ణు పోసే ఆచారం కొన్ని ఇళ్లలో ఉంది కాబట్టి రెండు ఇళ్ల పిల్లలకీ కలిపి చేసుకునే వీలుందేమో అడగండి.

గవిపురం గవి గంగాధరేశ్వరాలయంలో ఆ సాయంత్రం సూర్యకిరణాలు నంది కొమ్ముల మధ్య నుంచి లింగం మీద పడతాయి. చూడాల్సిందే, కానీ చంటిపిల్లతో ఆ రద్దీలోకి వద్దు. టీవీలో చూపిస్తారు.

## 10. కనుమ

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. బెంగళూరులో మాత్రం లాగిన్ అవ్వాలి. మినప్పప్పు ముందురోజు రాత్రే నానబెట్టి, పొద్దున రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టేస్తే రాత్రికి గారెలు వేసుకోవచ్చు. పిండి జారుగా అయితే చెంచా బియ్యప్పిండి కలపండి. పిల్లకి గారె మధ్యలోని మెత్తటి భాగం పెరుగులో నానబెట్టి పెట్టండి.

చీకటి పడ్డాక కొలువుకి హారతి ఇచ్చి, ఒక బొమ్మని పడుకోబెట్టండి. ఆ పని పిల్లదే. మర్నాడు సర్దేటప్పుడు:

☐ మట్టిబొమ్మలు ఒక్కోటీ పాత నూలుగుడ్డలో చుట్టండి, పేపర్ సిరా రంగుకి అంటుకుంటుంది
☐ చెక్కబొమ్మలు పొడిగుడ్డతో తుడవండి, తడి తగలనివ్వొద్దు
☐ డబ్బాలో ఎండు వేపాకు వేయండి, కలరా ఉండలు పిల్లల బొమ్మల దగ్గర వద్దు
☐ డబ్బా మీద ఏ మెట్టువో రాయండి
☐ కింది మెట్టు బొమ్మలు సర్దకండి, అవి పిల్లకి రేపు పొద్దున్నే కావాలి